తలకి కరెంటు పెట్టించేముందు

చిరంజీవి రాముకి,

మావయ్య ఆశీస్సులు. అప్పకి, అదే మీ అమ్మకి, రొమ్ము క్యాన్సర్ మెదడుకి పాకిందని, కరెంటు (రేడియేషన్) పెట్టాలన్నారని చెప్పావు. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని కాగితం మీద పెడుతున్నాను.

ముందు ఎంఆర్ఐ రిపోర్టు తీసి గడ్డలెన్నో, అన్నిటికన్నా పెద్దది ఎన్ని సెంటీమీటర్లో చూడు. నాలుగు లోపే ఉండి, మూడు సెంటీమీటర్లు దాటకపోతే, ఒక్కో గడ్డకీ గురిపెట్టి ఒకటి నుంచి ఐదు రోజుల్లో ముగించే ఎస్ఆర్ఎస్ కుదురుతుందేమో అడుగు. అందులో జ్ఞాపకశక్తికి దెబ్బ తక్కువ. తలంతా చెదిరి ఉంటే మెదడు మొత్తానికి పెడతారు: 10 రోజుల్లో 30 గ్రే, లేదా 5 రోజుల్లో 20 గ్రే (గ్రే అంటే కరెంటు మోతాదుకి కొలత). 5 రోజులన్నారని తక్కువ వైద్యం చేస్తున్నారనుకోకు. నీరసంగా ఉన్నవాళ్ళకి తిరుగుడు తగ్గుతుందని అలా ఇస్తారు. మొత్తం మెదడుకే అంటే మాత్రం రెండు ప్రశ్నలు వెయ్యి: జ్ఞాపకాలు దాచే భాగాన్ని తప్పించి పెట్టే వీలుందా, కరెంటుతో పాటే మొదలుపెట్టి ఆరు నెలలు వాడే, జ్ఞాపకశక్తిని కాపాడే మెమాంటిన్ మాత్ర రాస్తారా.

విశాఖ దగ్గర అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికైతే నరసన్నపేట నుంచి రోజూ రానూపోనూ పెట్టుకోకు. సోమవారం నుంచి శుక్రవారం వరకూ ప్రతిరోజూ ఉండాలి, దారిలోనే మనిషి నీరసపడిపోతుంది. రెండు వారాలకి అక్కడే గది చూసుకో. రైలైతే దువ్వాడలో దిగితే దగ్గర. ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్లో మొదటి రోజే కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు చూపించి, ఏది పథకంలో వస్తుందో, ఏది రాదో అడిగేయ్.

ఇక మాస్కు, తల కదలకుండా పట్టి ఉంచేది. అసలు భయం దీంతోనే. గట్టి ప్లాస్టిక్ జల్లెడ లాంటి షీటుని వేడినీళ్ళలో మెత్తబరిచి, ముఖం మీద పరిచి అదుముతారు. కొన్ని నిమిషాల్లో బిగుసుకుంటుంది. అన్నీ కన్నాలే కాబట్టి ఊపిరి ఆడుతుంది. ఆ రోజు ముక్కుపుడక, కమ్మలు, కట్టుడుపళ్ళు తీసేయించు. జుట్టు ముడి వెయ్యొద్దు: కొప్పుతో అచ్చు తీసి, మర్నాడు జడతో వెళితే తల అదే చోట కుదరదు. వాపుకి ఇచ్చే స్టెరాయిడ్ (డెక్సా) వల్ల ముఖం ఉబ్బి వారానికి మాస్కు బిగుతవడం మామూలే. నుదుటి మీద ఒత్తుకున్న గీతలు పోకుండా ఉంటే టెక్నీషియన్‌కి చెప్పాలి, ఓర్చుకోమనకు. మొత్తం మెదడుకైతే గదిలో పావుగంట, అందులో కిరణాలు వచ్చేది రెండు మూడు నిమిషాలు. మంట ఉండదు. బయటికొచ్చాక ఒంట్లో కిరణాలేమీ మిగలవు, మనవలు పక్కనే పడుకోవచ్చు. ఎవరో దూరం ఉంచమన్నారట, ఆ మాట వినకు.

ఆ డెక్సా (డెక్సామెథసోన్) మాత్ర గురించి జాగ్రత్తగా చదువు. మెదడు వాపు తగ్గించేది అదే, ఇంట్లో ఎక్కువమంది తప్పు చేసేదీ దాంతోనే. ఖాళీ కడుపున వద్దు. టిఫినో చోడి అంబలో కడుపులో పడ్డాకే ఇవ్వు. రోజుకి రెండుసార్లు రాస్తే రెండోది మధ్యాహ్నం రెండు లోపు ఇవ్వొచ్చా అని డాక్టర్ని అడుగు, సాయంత్రం పడితే రాత్రంతా నిద్రుండదు. షుగర్ పెరుగుతుంది, ముందు లేకపోయినా సరే పరీక్ష చేయించు. నాలుక మీద పెరుగు మీగడలా తెల్లగా పడితే ఫంగస్, మందుంది. తొడలు పట్టు తప్పి నేల మీంచి లేవలేకపోతే అది డెక్సా వల్లా కావొచ్చు, కుర్చీ కమోడ్ ఒకటి తెచ్చిపెట్టు. బాగుంది కదా అని నీ అంతట నువ్వు ఆపేసావో, తలనొప్పి వాంతులతో తిరగబెడుతుంది, ఒక్కోసారి బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఎన్ని రోజులకి ఎంత తగ్గించాలో డాక్టరు చేత రాయించుకుని గోడకి అతికించు.

కరెంటు నడుస్తున్న రోజుల్లో తలనొప్పి పెరిగినా, మగతగా ఉన్నా ఆ పూటే చెప్పు. ఫిట్సు వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టు. నోట్లో చెంచా, చేతిలో తాళాలు ఏవీ వద్దు. ఐదు నిమిషాలు దాటితే 108.

జుట్టు రెండు మూడు వారాలకి ఊడుతుంది, తిరిగి వచ్చినా కొందరికి పల్చగానే ఉంటుంది. నిద్రమత్తు కరెంటు అయిపోయాక కూడా కొన్ని వారాలు లాగుతుంది. తర్వాతి ఎంఆర్ఐ రెండు మూడు నెలలకి. అప్పుడు గడ్డ పెద్దదైనట్టు కనిపించినా కంగారు పడకు: ఎస్ఆర్ఎస్ తర్వాత కాలిన కణజాలం కూడా అలాగే కనిపిస్తుంది, తేల్చాలంటే మళ్ళీ స్కాన్ తీయాలి.

సోమవారం వెళ్ళేటప్పుడు ఎంఆర్ఐ సీడీ సంచిలో పెట్టుకో. ప్లానింగ్‌కి బొమ్మలే కావాలి, రిపోర్టు కాగితం ఒక్కటే ఉంటే సరిపోదు.

మీ మావయ్య