బాబు మూత్రం ధారగా రావడం లేదా? దసరా దాకా ఆగకండి

ప్రశ్న: మా బాబుకు 14 నెలలు. జ్వరంతో రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. రెండోసారి మెడికల్ షాపులో ఇచ్చిన సిరప్ నాలుగు రోజులు వేసి, జ్వరం తగ్గాక ఆపేశాం. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ కొంచెం ఉబ్బాయన్నారు. ఇప్పుడు ట్యూబ్ వేసి, మూత్రం పోస్తుండగా ఎక్స్‌రే తీయాలట. రేడియేషన్ వల్ల వాడికి రేపు పిల్లలు పుట్టరేమోనని భయం. వేడి చేసి ఉంటుంది, దసరా అయ్యాక చూద్దామని మా అత్తగారు అంటున్నారు. బాబుకు మొదటి నుంచీ మూత్రం బొట్లు బొట్లుగానే వస్తుంది. – ఒక తల్లి, ఉప్పల్

జవాబు: అమ్మా, అసలు విషయం చివర్లో రాశారు. మగపిల్లాడికి మూత్రం బొట్లుగా రావడం, రెండు కిడ్నీలూ ఉబ్బడం కలిస్తే వేడి అనుకోకూడదు. ఈ వయసు పిల్లాడు ఒడిలో పోస్తే ఎదురుగా కూర్చున్న తాతగారి చొక్కా తడవాలి. డైపర్లు వేసి వేసి చాలామంది ఆ ధారే చూడరు. మీరు గమనించారు, కానీ 14 నెలలు ఎవరికీ చెప్పలేదు!

కొందరు మగపిల్లల్లో మూత్రం దారిలో పుట్టుకతోనే పల్చటి పొర అడ్డుగా ఉంటుంది. దాన్ని వాల్వ్ అంటాం. మూత్రం బయటికి పోలేక ఆ ఒత్తిడి కిడ్నీల మీద పడుతుంది. బాబును చూడకుండా అదేనని నేను చెప్పను. కేవలం రిఫ్లక్స్ కావచ్చు, అంటే మూత్రం బ్లాడర్ నుంచి వెనక్కి కిడ్నీల వైపు ఎగదన్నడం. తేల్చేది మీకు చెప్పిన ఆ ట్యూబ్ ఎక్స్‌రే, అంటే ఎం.సి.యు. పరీక్షే. స్కానింగ్‌లో వాపు కనిపిస్తుంది గానీ, పోసేటప్పుడు ఎక్కడ ఆగుతోందో, ఎటు వెళ్తోందో కనిపించదు.

సన్నటి ట్యూబ్‌తో బ్లాడర్‌లోకి ఎక్స్‌రేలో కనిపించే మందు నింపుతారు. ఈ వయసుకు సుమారు 100 మిల్లీలీటర్లు పట్టవచ్చు. పోసేటప్పుడు ఫిల్ములు తీస్తారు. బాబు ఏడుస్తాడు, ఆ పూట మంట ఉండొచ్చు. రేడియేషన్ తక్కువే, దానివల్ల పిల్లలు పుట్టరన్న భయం అక్కర్లేదు. ఇంతకుముందు ఏ మందైనా పడకపోయి ఉంటే ముందే చెప్పండి. మామూలుగా ఇన్ఫెక్షన్ తగ్గాకే చేస్తారు. తర్వాత జ్వరం వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి రావాలి.

ఇక ఆ సిరప్ సంగతి. కల్చర్‌కు, అంటే ఏ క్రిమో తేల్చే పరీక్షకు, యూరిన్ ఇవ్వకముందే యాంటీబయాటిక్ పడితే రిపోర్టులో క్రిమి దొరక్కపోవచ్చు. నాలుగు రోజులకే ఆపితే జ్వరం తగ్గినా ఇన్ఫెక్షన్ పూర్తిగా పోకపోవచ్చు. రోజూ ఓపీలో ఇదే గొడవ! సగం సీసా ఫ్రిజ్‌లో దాచి, తర్వాతి జ్వరానికి చెంచాడు పోసేవాళ్లూ ఉన్నారు. మీరు అలా చేశారనడం లేదు, చేయకండి అంటున్నాను. బార్లీ నీళ్లతో ఈ అడ్డు తొలగదని అత్తగారికి నా మాటగా చెప్పండి.

ఈ వారంలోనే పిల్లల సర్జన్‌కో, పిల్లల యూరాలజిస్టుకో చూపించండి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించారా? మీరు రాయలేదు, అడగండి. వాల్వే అని తేలితే సాధారణంగా ఎండోస్కోపీతో తొలగిస్తారు. కడుపు ఉబ్బినా, మూత్రం బాగా తగ్గినా, వాంతులతో జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. బాబు మూత్రం పోసేటప్పుడు ఫోన్లో చిన్న వీడియో తీసుకోండి. స్కానింగ్ రిపోర్టుతో పాటు ఆ సిరప్ సీసా కూడా తీసుకెళ్లండి.