సిడ్నీలోని పారమట్టా రోడ్డు ఏ దారిన పోతుంది, దాని చరిత్ర ఏమిటి?

ప్రశ్న వేసినవారు సిడ్నీ పడమటి శివారులో కొత్తగా ఇల్లు తీసుకున్నారట. ఎం4 మోటర్‌వేకు ఇంచుమించు సమాంతరంగా సాగే పారమట్టా రోడ్డు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పోతుంది, అంత పేరున్న రోడ్డు పక్కన అన్ని దుకాణాలు ఎందుకు మూతపడి ఉన్నాయి, దాని పూర్వాపరాలేమిటి అని అడిగారు. నేను 2014 నుంచి గ్రాన్‌విల్‌లో తొమ్మిదేళ్లు ఉన్నాను. అందులో మొదటి రెండేళ్లు చదువుకుంటూనే కార్ల విడిభాగాలు చేరవేసే వ్యాను నడిపాను. ఆ పని మూలంగా ఈ రోడ్డు మీద నేను ఆగని కూడలి దాదాపు లేదు. నా లెక్కన దీని కథంతా ఒకే తీరు: పక్కన ఇంతకంటే వేగమైన దారి ఒకటి పుట్టుకొస్తుంది, దూరం పోయేవారు అటు మళ్లుతారు, బరువు మాత్రం దీని మీద మిగిలిపోతుంది.

ముందుగా దారి సంగతి. నగర కేంద్రంలోని రైల్వే స్క్వేర్ దగ్గర మొదలయ్యే బ్రాడ్‌వే, సిడ్నీ విశ్వవిద్యాలయం ముందు సిటీ రోడ్డు చీలేచోట పారమట్టా రోడ్డుగా పేరు మార్చుకుంటుంది. అక్కడి నుంచి క్యాంపర్‌డౌన్, ఆనన్‌డేల్, లైకార్ట్, యాష్‌ఫీల్డ్, బర్‌వుడ్, స్ట్రాత్‌ఫీల్డ్, హోమ్‌బుష్, లిడ్‌కోంబ్, ఆబర్న్‌ల మీదుగా సాగి, డక్ నదిని దాటి, గ్రాన్‌విల్‌లో చర్చ్ స్ట్రీట్, వుడ్‌విల్ రోడ్ల కూడలిలో ముగుస్తుంది. ఆ పైన అదే దారి గ్రేట్ వెస్టర్న్ హైవేగా నీలి కొండల వైపు పోతుంది. మొత్తం సుమారు 20 కిలోమీటర్లు. పారమట్టా నది పక్కనే ఉన్నా రోడ్డు ఎక్కడా ఆ నది ఒడ్డున నడవదు, ఎందుకంటే ఆ ఒడ్డు నిండా భూమిలోకి చొచ్చుకువచ్చిన చిన్న చిన్న అఖాతాలున్నాయి. వాటిని తప్పించుకుని, దక్షిణంగా వాగులు సన్నగా ఉన్నచోట దాటుకుంటూ పోయే దారినే తొలినాటివారు పట్టుకున్నారు. అంతకుముందు అక్కడి ఆదివాసులు నడిచిన బాటనే వలసదారులు అనుసరించారని చెబుతారు.

మ్యాపులో గీత పెట్టి గీసినట్టుండే తూర్పు భాగం నిజానికి వరుసగా వచ్చే ఎత్తుపల్లాలు. జాన్‌స్టన్స్ క్రీక్, వైట్స్ క్రీక్, లూయిషామ్ దగ్గర హాథార్న్ కాలువ, ఆ తర్వాత ఐరన్ కోవ్ క్రీక్: ఒక్కొక్క వాగుకు ఒక దిగుడు, ఒక ఎక్కుడు. ఇవన్నీ ఇప్పుడు సిమెంటు కాలువలైపోయి కారులో పోయేవారి కంటబడవు. నా వ్యాను వెనక పెట్టెల్లో బ్రేక్ డిస్కులు ఉండేవి. దిగుడు రాగానే అవి ముందుకు జారి నా సీటు వెనకనున్న రేకుకు తగిలేవి, ఎక్కుడులో వెనక్కి పోయి తలుపును కొట్టేవి. రెండు నెలలయ్యేసరికి బయటకు చూడకుండానే, ఆ చప్పుడును బట్టి ఏ వాగు దాటుతున్నానో చెప్పగలిగేవాడిని.

చరిత్రకు వస్తే, 1788 జనవరిలో బ్రిటిష్ వలస సిడ్నీ కోవ్‌లో దిగినప్పుడు అక్కడి నేల పంటకు పనికిరాలేదు. తిండికి కటకటలాడుతున్న గవర్నర్ ఫిలిప్, నది ఎగువన మంచి నేల చూసి అదే ఏడాది నవంబరులో రోజ్ హిల్ అనే చోట రెండో స్థావరం వేయించాడు. 1791లో దానికి స్థానికుల మాటను బట్టి పారమట్టా అని పేరు మార్చారు. మలుగు చేపలు పడుకునే చోటు అని ఆ మాటకు అర్థం చెబుతారు. మొదట్లో రాకపోకలు పడవల మీదే సాగాయి. అందుకోసం 1789లో ఒక పడవ కట్టారు. దాని రూపం చూసి జనం దానిని ముద్ద అని వెక్కిరించేవారట. గాలి, ఆటుపోటులు అనుకూలించకపోతే ఆ ప్రయాణం ఎప్పటికి ముగిసేదో చెప్పలేరు కాబట్టి, 1789, 1791 మధ్య అడవిలో చెట్లు కొట్టి కాలిబాట వేశారు. ఈ రోడ్డుకు అదే పుట్టుక.

ఆ బాటను నమ్మదగిన బండిదారిగా నిలబెట్టిన పేరు గవర్నర్ మక్వారీది. 1811లో దాని రెండు కొసల్లో సుంకం గేట్లు పెట్టించి, వసూలైన డబ్బును మరమ్మతులకు వాడాడు. టోల్ గురించి విసుక్కునే మనవాళ్లకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతుంటాను. నగరంలో మక్వారీ ప్లేస్ అనే చిన్న తోటలో 1818లో నిలిపిన రాతి స్తంభం నేటికీ ఉంది. వలసలోని దారుల దూరాలన్నీ అక్కడి నుంచే కొలిచేవారు, పారమట్టాకు పదిహేనున్నర మైళ్లని దాని మీద చెక్కి ఉంది.

దారి మధ్యలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు కాంకార్డ్. పైకి చూస్తే అక్కడ ఒక క్రీడా మైదానమూ, సిగ్నళ్ల దగ్గర బారులు తీరిన లారీలూ తప్ప ఏమీ లేవు. కానీ ఆ కాంకార్డ్ ఓవల్ ఉన్న నేలను పూర్వం లాంగ్‌బాటమ్ అనేవారు. సిడ్నీకీ పారమట్టాకూ సగం దూరంలో ఉండడం వల్ల, నడిపించుకుపోయే ఖైదీలను రాత్రికి అక్కడ ఉంచేవారు. 1838లో దిగువ కెనడాలో, అంటే ఇప్పటి క్యూబెక్‌లో, బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు చేసిన ఫ్రెంచి భాషీయులను 58 మందిని ఓడలో తెచ్చి 1840లో ఇక్కడే బంధించారు, ఈ రోడ్డు కోసం వారితో రాళ్లు కొట్టించారు. వారిలో ఇద్దరు ఇక్కడే చనిపోయారు, ఒకరు ఇక్కడే స్థిరపడ్డారు, మిగిలినవారు కొన్నేళ్లకు క్షమాభిక్ష పొంది తిరిగి వెళ్లారు. పక్కనున్న అఖాతాలకు కెనడా బే, ఫ్రాన్స్ బే, ఎగ్జైల్ బే అన్న పేర్లు అలా వచ్చాయి, ఇప్పటి స్థానిక కౌన్సిల్ పేరు కూడా కెనడా బేనే. కబరీటా పార్కులో వారి స్మారకాన్ని 1970లో కెనడా ప్రధాని పియర్ ట్రూడో ఆవిష్కరించాడు. నేను ఆ మైదానం ముందు సిగ్నల్ కోసం కొన్ని వందలసార్లు ఆగి ఉంటాను. ఈ సంగతి తెలిసింది మాత్రం వ్యాను పని మానేశాక.

1855 సెప్టెంబరు 26న సిడ్నీ, పారమట్టాల మధ్య రైలు మొదలైంది. గుర్రపు బండ్ల మీద, దారి పక్క సత్రాల మీద బతికిన రోడ్డుకు అది మొదటి దెబ్బ. రైలు స్టేషన్లు రోడ్డుకు దక్షిణంగా పడడంతో యాష్‌ఫీల్డ్, బర్‌వుడ్, స్ట్రాత్‌ఫీల్డ్‌ల బజార్లు వాటి చుట్టూ పెరిగాయి. రోడ్డు ఊళ్లకు నడిబొడ్డుగా కాక సరిహద్దుగా మారింది. తూర్పు భాగంలో చాలాకాలం ఒక పక్క లైకార్ట్ కౌన్సిల్, మరో పక్క మారిక్‌విల్ కౌన్సిల్ ఉండేవి. 2016లో యాష్‌ఫీల్డ్‌తో సహా వాటిని కలిపి ఒకటి చేశారు. ఇద్దరి హద్దు మీద ఉన్న గోడకు ఎవరూ సున్నం వేయరు కదా. లైకార్ట్ వైపు ట్రాములు ఉన్నన్నాళ్లు దుకాణాలకు కొంత సందడి ఉండేది, అవి 1958లో పోయాయి.

రెండో దెబ్బ మోటర్‌వే. నగరం దాకా రావలసిన ఎక్స్‌ప్రెస్‌వేను, లోపలి బస్తీల ఇళ్లు కూలుతాయన్న వ్యతిరేకత మధ్య, రాష్ట్రంలోని రాన్ ప్రభుత్వం 1977లో విరమించుకుంది. 1982లో కాంకార్డ్ దాకా తెరిచిన ఎం4 అక్కడే ఆగిపోయి, అందులోని వాహనాలన్నీ పారమట్టా రోడ్డు మీదకు దిగేవి. ఇళ్లు మిగిలాయి కనుక ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను. అయితే ఆ మూల్యాన్ని 2019 దాకా చెల్లించింది ఈ రోడ్డే, దాని మీద దుకాణం పెట్టుకున్నవారే. కారు ఆపడానికి చోటు లేక, చూరు కింద నిలబడి మాట్లాడుకుంటే లారీల మోతలో మాట వినబడక, కొనేవారు రావడం మానేశారు. నేను సరుకు దించిన పాత మేడల్లో చాలావాటికి పైన అందమైన ఇటుక పనితనం ఉండేది, కింద అద్దం మీద మాత్రం అద్దెకు అన్న బోర్డు ఉండేది. నిలబడింది పెళ్లి గౌన్ల దుకాణాలు, సెకండ్‌హ్యాండ్ కార్ల షోరూములు, డెంటింగ్ షెడ్లు; దారిన పోతూ కాక, పనిగట్టుకుని వచ్చే గిరాకీ మీద బతికే వ్యాపారాలివి.

ఎం4కు 1992లో పెట్టిన టోల్‌ను 2010లో తీసేశారు, వెడల్పు చేశాక 2017 ఆగస్టులో మళ్లీ పెట్టారు. ఆ వారం గ్రాన్‌విల్ నుంచి స్ట్రాత్‌ఫీల్డ్ దాకా పోవడానికి నాకు మామూలుకంటే అరగంట ఎక్కువ పట్టింది, ఎందుకంటే టోల్ తప్పించుకునే ప్రతివారూ నాతోపాటు ఈ రోడ్డు మీదే ఉన్నారు. 2019 జూలైలో హోమ్‌బుష్ నుంచి హేబర్‌ఫీల్డ్ దాకా సొరంగం తెరిచాక కొంత ఊపిరాడింది. బర్‌వుడ్ ఉత్తరాన మెట్రో స్టేషన్ ఒకటి సరిగ్గా ఈ రోడ్డు మీదే కడుతున్నారు. రైలు ఈ రోడ్డుకు వెన్ను చూపించకుండా రావడం ఇదే మొదటిసారి అనుకుంటాను.

కొత్తగా నడపబోతున్నారు కనుక ఒక్క జాగ్రత్త చెబుతాను. నగరం నుంచి పడమరకు వస్తూ యాష్‌ఫీల్డ్ చేరగానే దారి రెండుగా చీలుతుంది: ఎడమకు పోయేది లివర్‌పూల్ రోడ్డు, అంటే హ్యూమ్ హైవే, కుడివైపు సాగేది పారమట్టా రోడ్డు. అంతదాకా ఏ22 అన్న రోడ్డు నంబరు చూపిన బోర్డును అలాగే పట్టుకుపోతే మీరు లివర్‌పూల్ వైపు వెళ్లిపోతారు, మీకు కావలసింది ఏ44. మొదటి వారంలోనే నేను ఎడమ లేన్‌లో ఉండిపోయి, ఎన్‌ఫీల్డ్ దాకా పోయి, వెనక్కి తిరిగి వచ్చేసరికి బంపర్ కోసం ఎదురుచూస్తున్న మెకానిక్ షెడ్డు మూసేసి వెళ్లిపోయాడు.