వరద తగ్గి నెలలైనా పిల్లలు వాన పడితే ఎందుకు వణికిపోతారు?

నీళ్లు తీసినా ప్రమాదం పోయిందని వాళ్ల మెదడుకు ఇంకా నమ్మకం కుదరక. వాన చప్పుడు, కరెంటు పోవడం వరద వచ్చిన ఆ రాత్రితో ముడిపడిపోతాయి. మళ్లీ అవి ఎదురైతే ఒళ్లు ముందే గాబరా పడుతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు, కోవూరు చుట్టుపక్కల మునిగాయి కదా, అలా మునిగిన ఇంట్లో ఏడేళ్ల పిల్ల మబ్బు పట్టగానే అమ్మ కొంగు వదలదు, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెడుతుంది. పదో తరగతి కుర్రాడు ఏడవడు. కసురుకుంటాడు, పుస్తకం ముట్టడు. దాన్ని పొగరనుకుని తిట్టేవాళ్లే ఎక్కువ.

"చిన్నపిల్లలు, వాళ్లే మర్చిపోతారు, ఆ ఊసెత్తకండి" అనడం పొరపాటు. వాళ్లంతట వాళ్లు చెబితే వినాలి. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి, లేదా మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు 14416లో ఫోన్ చేయొచ్చు, ఉచితం.