లిజనర్లను ముందు లెక్కపెట్టు

అమ్మాయీ,

విండో సైజు ఒక్కసారి మారిస్తే నీ జావాస్క్రిప్ట్ ఫంక్షన్ నాలుగుసార్లు నడుస్తోందని, రెండు రోజులుగా దాని లోపలి కోడే తిరగరాస్తున్నానని రాశావు. ముందు ఆ పని ఆపు. తప్పు ఫంక్షన్‌లో కాదు, దాన్ని లిజనర్‌గా, అంటే ఒక ఈవెంట్ (సైజు మారడం, స్క్రోల్ లాంటిది) జరిగినప్పుడు నడిచేలా, తగిలించిన చోట ఉందనిపిస్తోంది.

క్రోమ్ కన్సోల్ తెరిచి గెట్‌ఈవెంట్‌లిజనర్స్ అని కొట్టి, బ్రాకెట్లలో విండో అని ఇవ్వు. ఇది కన్సోల్‌లోనే పనిచేస్తుంది, కోడ్‌లో రాయకు. ఏ ఈవెంట్ కింద ఎన్ని ఫంక్షన్లు ఉన్నాయో అక్కడ కనిపిస్తాయి. రీసైజ్ (విండో సైజు మారే ఈవెంట్) కింద నాలుగుంటే, కొత్తవి చేరుతున్నాయి గానీ పాతవి పోవడం లేదన్నమాట.

తీసేస్తూనే ఉన్నాను కదా అంటావు. లిజనర్‌ని తీసేసే రిమూవ్‌ఈవెంట్‌లిజనర్‌కి ఏం ఇస్తున్నావో చూడు. నేను ఒకసారి ఇక్కడే రాత్రంతా కూర్చున్నాను. తగిలించేటప్పుడు ఫంక్షన్‌ని బైండ్ చేసి (లోపలి దిస్ ఏదో ముందే ఖాయం చేసి) ఇచ్చాను, తీసేటప్పుడు మళ్లీ బైండ్ చేసి ఇచ్చాను. రెండు లైన్లూ అచ్చు ఒకేలా ఉన్నాయి. కానీ బైండ్ పిలిచిన ప్రతిసారీ కొత్త ఫంక్షన్ పుడుతుంది, కాబట్టి బ్రౌజర్‌కి అవి రెండూ వేరు. ఎర్రర్ కూడా చూపించదు, అదే బాధ. యారో ఫంక్షన్‌ని (బాణం గుర్తుతో రాసే పొట్టి ఫంక్షన్) అక్కడికక్కడే రాసినా ఇంతే. బైండ్ చేసినదాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టుకుని రెండు చోట్లా అదే ఇవ్వు. క్యాప్చర్ (ఈవెంట్ పై నుంచి కిందికి దిగేటప్పుడే పట్టుకోవడం) ట్రూ అని తగిలించి ఉంటే, తీసేటప్పుడూ ట్రూ ఇవ్వాలి. నేనిప్పుడు అబార్ట్‌కంట్రోలర్ సిగ్నల్ వాడుతున్నాను. తగిలించేటప్పుడే ఆ సిగ్నల్ ఇస్తే, ఒక్క అబార్ట్‌తో అన్నీ ఊడిపోతాయి, టెన్షన్ ఉండదు.

అసలు పలకని ఈవెంట్ల సంగతి వేరు. స్క్రోల్ అయ్యేది పేజీ కాకుండా లోపలి డివ్ (పేజీలోని ఒక పెట్టె) అయితే, ఆ ఈవెంట్ విండో దాకా పైకి రాదు. క్యాప్చర్ పెడితేనే విండోకి అందుతుంది. బ్రౌజర్‌లో డేటా దాచే లోకల్‌స్టోరేజ్‌ని మార్చిన ట్యాబ్‌లో స్టోరేజ్ ఈవెంట్ రాదు, అదే సైట్ తెరిచి ఉన్న మిగతా ట్యాబ్‌లలో వస్తుంది. పేజీ మళ్లీ లోడ్ కాకుండా అడ్రస్ మార్చే పుష్‌స్టేట్ పిలిస్తే పాప్‌స్టేట్ ఈవెంట్ రాదు, బ్రౌజర్‌లో వెనక్కి నొక్కినప్పుడు వస్తుంది. పేజీ లోడ్ అయిపోయాక లోడ్ ఈవెంట్‌కి లిజనర్ పెడితే అది ఎప్పటికీ నడవదు. ముందు డాక్యుమెంట్ రెడీస్టేట్ (లోడ్ ఎంతవరకు వచ్చిందో చెప్పేది) చూసుకో.

ఎక్కడి నుంచి తగులుతున్నాయో అంతుపట్టకపోతే, లిజనర్ తగిలించే యాడ్‌ఈవెంట్‌లిజనర్ లైన్‌కి ముందు కన్సోల్ ట్రేస్ పెట్టు. ఎవరు ఎవరిని పిలిచారో వరసగా చూపిస్తుంది.

రీసైజ్ కింద ఎన్ని ఉన్నాయో చూసి ఈ రాత్రికే రాయి. ఒక్కటే ఉంటే మాత్రం నా అనుమానం తప్పు. విండో అంచు పట్టి లాగుతుంటే రీసైజ్ వెంటవెంటనే రావడం మామూలే. అప్పుడు చిన్న టైమర్ పెట్టి, లాగడం ఆగాక ఒకసారి నడిపిస్తే చాలు.

మీ బాబాయి