మిస్టర్ ఆంధ్ర కోసం అమ్మ గొలుసు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: సార్, నాకు 24 ఏళ్లు. విజయవాడ సత్యనారాయణపురంలో అమ్మతో ఉంటాను. జిమ్‌లో ట్రైనర్‌ని, జీతం 14,000. ముగ్గురికి పర్సనల్ ట్రైనింగ్ ఇస్తాను, జిమ్ వాటా పోను తలకు 3,000 చొప్పున 9,000 వస్తుంది. బాడీ బిల్డింగ్‌లో రాష్ట్ర స్థాయి సిల్వర్ ఉంది. రెండేళ్ల క్రితం జూనియర్ నేషనల్స్‌కు రాష్ట్రం తరఫున వెళ్లాను కానీ మెడల్ రాలేదు. వచ్చే ఆరు నెలల్లో మిస్టర్ ఆంధ్ర కొట్టాలని పట్టుదల. ప్రిపరేషన్‌కు 90,000 అవుతుంది, అందులో 35,000 కోచ్ చెప్పిన ‘సైకిల్’కు, అంటే స్టెరాయిడ్ల కోర్సుకు. అమ్మ తన గొలుసు తాకట్టు పెట్టమంటోంది. ఇంకోపక్క ఒక ఫ్రెండు సింగ్ నగర్‌లో జిమ్ పెడదాం, నీ వాటా మూడు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీకి నేనే ఇప్పిస్తానంటున్నాడు. క్రెడిట్ కార్డు బాకీ 42,000 ఉంది. బీకాంలో రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయి. ఏది ముందు చేయాలి?

జవాబు: ఉత్తరంతో పాటు రోజూ తినే తిండి లెక్క, నెల ఖర్చులు, సర్టిఫికెట్ల ఫొటోలు కూడా పంపారు. ఇంత వివరంగా రాసేవాళ్లు తక్కువ. అందుకే నేనూ సూటిగా చెప్తాను. పోటీ కోసం గొలుసు తాకట్టు వద్దు. జిమ్ వాటా ఇప్పుడు వద్దు. సైకిల్ అసలే వద్దు. పోటీకి మాత్రం వెళ్లండి. ఎలా వెళ్లాలో కింద రాశాను.

ముందు మీ నెల చూద్దాం. వచ్చేది 23,000. తిండికి, సప్లిమెంట్లకు 16,640. ఇంట్లో ఇచ్చేది 5,000. బైకు వాయిదా 2,900. పెట్రోలు, ఫోను 2,000. మొత్తం 26,540. అంటే నెలకు 3,540 తక్కువ పడుతోంది. కార్డు మీద 42,000 ఎలా పేరుకుందో మీకు అర్థం కాలేదని రాశారు. ఇలాగే పేరుకుంది. ఏడాది తిరిగేసరికి ఆ లోటే 42,480 అవుతుంది.

కార్డు బాకీకి సాధారణంగా నెలకు మూడున్నర శాతం వరకు వడ్డీ పడుతుంది. మన బజారు లెక్కలో నూటికి మూడున్నర రూపాయలు. ఫ్రెండు ఇప్పిస్తానన్న రెండు రూపాయల వడ్డీ చూసి భయపడ్డారు కదా, అంతకన్నా పెద్ద వడ్డీ ఇప్పటికే మీ జేబులో ఉంది. దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం.

ఇక తిండి దగ్గరికి వద్దాం, అసలు చిల్లు అక్కడే ఉంది. నేను డైటీషియన్‌ని కాదు. కానీ మీ కాగితంలో ‘తెల్లసొన 12, గుడ్లు 2’ అని చూసి ఆగిపోయాను. మన కొట్లలో తెల్లసొన విడిగా అమ్మరు కదా, కొన్నది గుడ్డే. అంటే రోజూ పొద్దున పన్నెండు పచ్చసొనలు సింకులోకి పోతున్నాయి. ఏడు రూపాయల గుడ్డులో సగం పైచిలుకు ప్రొటీన్ వాడుకుని మిగతాది పారబోస్తున్నారు. పెద్ద గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటే తెల్లసొనలో ఉండేది 3.6 గ్రాములే.

మొత్తం లెక్క కట్టాను. తెల్లసొనల నుంచి 43 గ్రాములు, రెండు గుడ్ల నుంచి 12, అరకిలో చికెన్ నుంచి 110, రెండు స్కూప్‌ల వే ప్రొటీన్ (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి) నుంచి 48. అన్నం, పప్పు కలపకుండానే 213 గ్రాములు. కండ పెంచాలనుకునేవాళ్లకు కిలో బరువుకు 1.6 నుంచి 2.2 గ్రాములు చాలని క్రీడా పోషకాహార నిపుణులు చెప్తారు. మీ బరువు 78 కిలోలు. అంటే 125 నుంచి 172 గ్రాములు. ఆ పైన తిన్నది కండగా మారదు, బిల్లుగా మారుతుంది.

మీరు రాసిన ధరలతోనే ఇంకో పళ్లెం వేసి చూశాను. నాలుగు గుడ్లు పూర్తిగా, ఇంకో నాలుగింటి తెల్లసొన, 350 గ్రాముల చికెన్, ఒక్క స్కూప్ వే, అరలీటరు పాలు లేదా వాటితో తోడుపెట్టిన పెరుగు, అమ్మ వండిన పప్పు. దాదాపు 165 గ్రాములు వస్తోంది. నెలకు గుడ్లు 1,680, చికెన్ 2,940, వే 2,750, పాలు 1,050. క్రియాటిన్ మోనోహైడ్రేట్‌కు ఒక 500 వేసుకోండి, అది రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు, సప్లిమెంట్లలో బాగా పరిశోధన జరిగింది కూడా దాని మీదే. మొత్తం 8,920. మిగిలే నాలుగు పచ్చసొనలు అమ్మ కూరలో వేస్తుంది. చికెన్ రేటు మండిన వారం మీల్ మేకర్ ఉంది, వంద గ్రాముల్లో యాభై గ్రాముల పైనే ప్రొటీన్.

బీసీఏఏ, ఫ్యాట్ బర్నర్, ప్రీ వర్కవుట్ అని నెలకు 4,000 పెడుతున్నారు. బీసీఏఏలో ఉండే మూడు అమైనో ఆమ్లాలూ మీరు తినే గుడ్డులో, చికెన్‌లో, వేలో ఇప్పటికే ఉన్నాయి. మళ్లీ డబ్బా కొనడం ఎందుకు? ఆ మూడూ ఆపేయండి. వే మాత్రం తక్కువ రేటుకు వచ్చిందని తెలియని చోట కొనకండి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, సీల్ చూసి, బిల్లు తీసుకుని కొనండి. ఈ తిండి లెక్కను ఒక్కసారి స్పోర్ట్స్ న్యూట్రిషన్ చదివినవాళ్లకు చూపించండి, పోటీకి ముందు కొవ్వు తగ్గించే ‘కటింగ్’ నెలల్లో వాళ్లు మార్పులు చెప్తారు.

ఈ ఒక్క మార్పుతో నెలకు 7,720 మిగులుతుంది. లోటు పోయి చేతిలో 4,200 దాకా ఉంటుంది. అది నేరుగా కార్డుకు వెళ్లాలి. నెలనెలా 4,200 కట్టినా ఆ వడ్డీకి బాకీ తీరడానికి 13 నెలలు దాటుతుంది. అందుకే గొలుసు వద్దన్న నేనే ఇక్కడ ఒక మినహాయింపు చెప్తున్నాను. అమ్మ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే, బ్యాంకులోనే, ఆ 42,000కు సరిపడా మాత్రమే బంగారం పెట్టండి. ఈనాటి ధరకు గొలుసు అక్కర్లేదు, ఒక ఉంగరం, జత కమ్మలు చాలు. ఏడాదికి 9 శాతం వడ్డీ అనుకుంటే అదే 4,200తో పది, పదకొండు నెలల్లో తీరిపోతుంది, పదకొండు వేల పైచిలుకు వడ్డీ ఆదా. కానీ ఆ రోజే కార్డు వాడకం ఆపాలి. కార్డు మళ్లీ నిండితే అమ్మకు రెండు అప్పులు మిగిల్చినవాళ్లవుతారు.

సైకిల్ గురించి. ఈ ఒక్క విషయంలో మిమ్మల్ని బతిమాలుతున్నాను, వద్దు. అనబాలిక్ స్టెరాయిడ్లు గుండె కండరాన్ని దెబ్బతీస్తాయి, మంచి కొలెస్ట్రాల్‌ను పడగొడతాయి, మాత్రల రూపంలో అయితే లివర్ మీద పడతాయి, ఒంట్లో సహజంగా తయారయ్యే టెస్టోస్టిరాన్‌ను ఆపేస్తాయి. పిల్లలు పుట్టడం కష్టమైన కేసులూ ఉన్నాయి. పోటీ ముందురోజు నీళ్లు మానేసి, మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వేసుకోవడం ఇంకా ప్రమాదం. పొటాషియం తేడా వస్తే గుండె లయ తప్పుతుంది. డబ్బు వైపు నుంచి చూసినా అంతే. బీమా ఫారంలో మీరు వాడే మందుల గురించి అడిగినప్పుడు దాచితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. డోప్ పరీక్షలో దొరికితే నిషేధం నాలుగేళ్ల దాకా ఉండొచ్చు. 24 ఏళ్లవాడికి నాలుగేళ్లంటే ఎంతో మీకే తెలుసు. ఇది వేయకపోతే స్టేజీ ఎక్కలేవని చెప్పే కోచ్‌ని మార్చండి.

సింగ్ నగర్ జిమ్ సంగతి. మూడు లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 6,000, ఏడాదికి 72,000, అసలు ఒక్క రూపాయి తగ్గకుండా. పైగా మామూలు భాగస్వామ్యంలో సంస్థ చేసిన అప్పు మొత్తానికి ప్రతి భాగస్వామీ బాధ్యుడే. మీ ఫ్రెండు మంచివాడే కావచ్చు, కానీ జిమ్ పేరు మీద అతను తెచ్చిన అప్పుకు మీ ఇంటికి కూడా వస్తారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అక్కడ గ్రౌండ్ ఫ్లోర్‌లో జిమ్ నడిపే నా క్లయింటు ఒకాయన ఉన్నారు. నీళ్లు తీశాక షట్టర్ ఎత్తేటప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. అద్దాల మీద ఛాతీ ఎత్తున బురద గీత. బెంచీల్లో స్పాంజి ఉబ్బిపోయి కుట్లు తెగాయి. రాడ్లు, ప్లేట్లు డీజిల్‌తో తుడిస్తే దక్కాయి, ట్రెడ్‌మిల్ మోటార్లు ఒక్కటీ దక్కలేదు. సామాన్లకు వరద బీమా చేయించుకోలేదు. సభ్యులు రెండు నెలలు రాలేదు, వాయిదా మాత్రం నెల నెలా వచ్చింది. ఆయన తట్టుకున్నారంటే ఇరవై ఏళ్ల వ్యాపారం, సొంత ఇల్లు ఉండబట్టి. మీకు ఇప్పుడు ఆ రెండూ లేవు.

మూడేళ్లు ఆగండి. ఈలోగా పన్ను పడకపోయినా ఏటా రిటర్ను వేయండి. పర్సనల్ ట్రైనర్ సర్టిఫికెట్ ఒకటి చేయండి. రిటర్నులు చేతిలో ఉంటే చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన రుణ పథకం ముద్రాలో, కిశోర్ విభాగం కింద తాకట్టు లేకుండా 5 లక్షల వరకు బ్యాంకులో అడగొచ్చు. అప్పటికీ ఎగువ అంతస్తే చూడండి. ఇంకో మాట, మీరు సిక్స్ ప్యాక్ కుర్రాళ్ల వెంట పడుతున్నారు. వాళ్లు మూడు నెలలకు మానేస్తారు. షుగర్ వచ్చి డాక్టరు వ్యాయామం చేయమన్న నలభై, యాభై ఏళ్లవాళ్లు పద్ధతిగా చెప్పే ట్రైనర్ దొరికితే ఏళ్ల తరబడి ఉంటారు, ఫీజు ఒకటో తారీఖున ఇస్తారు.

అలాంటి ఒక్క క్లయింటుని సాయంత్రం నాలుగు గంటలకు పెట్టుకోండి. ఒక్కరినే. పొద్దున ఐదుకే జిమ్ తెరుస్తున్నారు, రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరుతున్నారు, మధ్యాహ్నం మీ సొంత వర్కవుట్. నిద్ర ఐదు గంటలని రాశారు. కండ పెరిగేది నిద్రలో కదా, దాన్ని ఇంకా కోయకండి. ఆ నాలుగో క్లయింటు నుంచి వచ్చే 3,000 వేరే ఖాతాలో వేయండి. ఆరు నెలలకు 18,000. ఎంట్రీ ఫీజు, ప్రయాణం, ఒంటికి పూసుకునే ట్యాన్ రంగు, స్టేజీ మీద వేసుకునే ట్రంక్స్, పోజింగ్ క్లాసులు అన్నీ అందులోంచే. ఖాతాలో ఎంత ఉంటే అంతే పోటీ. పోటీలో గెలిస్తే చాలాసార్లు చేతికొచ్చేది షీల్డు, శాలువా, ఒక ప్రొటీన్ డబ్బా అని మీకు నేను చెప్పక్కర్లేదు.

బీమా ఈ వారమే చేయించండి. మీ బ్యాంకు ఖాతా నుంచే ఏడాదికి 20 రూపాయలతో ప్రమాద బీమా, 436తో జీవిత బీమా, రెండిట్లోనూ 2 లక్షల చొప్పున. మీ జిమ్‌లో పదిమంది, అంతకన్నా ఎక్కువ పనివాళ్లు ఉంటే ఈఎస్ఐ వర్తించాలి, మీ జీతం 21,000 లోపే కాబట్టి. మేనేజరుని అడగండి. గుణదల ఈఎస్ఐ ఆసుపత్రి మీకు ఎంతో దూరం కాదు. బైకు వాయిదా ఎనిమిది నెలల్లో అయిపోతుందని రాశారు. ఆ 2,900 అలాగే రికరింగ్ డిపాజిట్‌కు మళ్లించి, 60,000 అయ్యేదాకా ముట్టుకోకండి.

చివరికి ఉంచాను గానీ నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది మీరు పంపిన మూడో ఫొటోలోని నేషనల్స్ కాగితం. సిల్వర్ మెడల్ సర్టిఫికెట్‌ని ఫ్రేము కట్టించారు. దీన్ని మాత్రం నాలుగు మడతలు పెట్టారు, ఒక మడత సరిగ్గా సీలు మీదే పడింది. మెడల్ రాలేదని చిన్నచూపు చూశారు. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాలో మొదట చూసేది ఆ కాగితాన్నే. అక్కడ అర్హత రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో పాల్గొన్నవాళ్లకు. మెడల్ వచ్చినవాళ్లకు ముందు వరుస ఉంటుంది, నిజమే, కానీ రానివాళ్లూ దరఖాస్తు చేయొచ్చు. ఆ కోటా ఆటల జాబితాలో బాడీ బిల్డింగ్ ఉంది. వయసులో ఐదేళ్ల సడలింపు ఉంది, ఎస్సీ, ఎస్టీలకు పదేళ్లు. రైల్వేకు నిబంధనలు వేరు, ప్రతి నోటిఫికేషన్‌లో ఆ ఏడాది ఏ ఆటలకు పోస్టులిచ్చారో చూడాలి.

ఒక జాగ్రత్త. బాడీ బిల్డింగ్‌లో సంఘాలు చాలా ఉన్నాయి. మీరు వెళ్లిన పోటీ కేంద్ర క్రీడల శాఖ గుర్తించిన జాతీయ సమాఖ్య నడిపిందేనా అని ముందు తేల్చుకోండి. అదే అయితే, స్పోర్ట్స్ కోటాకు జత చేయాల్సిన సర్టిఫికెట్ ఫారం 2 మీద రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం, సీలు ఇప్పుడే తీసుకోండి. పదవులు మారాక ఆ సంతకం కోసం తిరగడం ఎంత కష్టమో ఇలాంటి కుర్రాళ్ల దగ్గర చాలాసార్లు విన్నాను. ఈసారి పోటీ కూడా ఏ సంఘం కింద జరుగుతోందో చూసే ఎంట్రీ కట్టండి.

ఆదాయపు పన్ను శాఖ స్పోర్ట్స్ కోటాలో ఇచ్చే పోస్టుల్లో మల్టీ టాస్కింగ్ స్టాఫ్‌కు పదో తరగతి చాలు. ట్యాక్స్ అసిస్టెంట్‌కు డిగ్రీ కావాలి. మీకు అడ్డుగా ఉన్నవి ఆ రెండు సబ్జెక్టులే. 90,000 ప్రిపరేషన్ లెక్కలో ఎక్కడా ఆ పరీక్ష ఫీజు లేదు. దాని గడువు ఎప్పుడో రేపే కాలేజీకి వెళ్లి కనుక్కోండి.