ఎన్‌టీఎస్‌సీ టేపును పాల్‌లోకి మారిస్తే కుదుపు ఎందుకు?

అమెరికా నుంచి వచ్చిన సీమంతం టేపును చెన్నైలో పాల్‌కి, అంటే మన దేశపు టీవీ పద్ధతి ప్రకారం సెకనుకు 25 ఫ్రేములకు (బొమ్మలకు) మార్పిస్తే బొమ్మ కుదుపుతోందన్నారు కదండీ. టేపు బాగానే ఉంది, మార్చిన పద్ధతే తప్పు. అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో సెకనుకు 29.97 ఫ్రేములు, అంటే 59.94 ఫీల్డులు (ఒక ఫ్రేములో గీత విడిచి గీతతో ఏర్పడే సగం బొమ్మలు). 25కి దించితే ఆరింటికొక ఫ్రేము పోతుంది. హారతి తిప్పేచోట చూడండి, పళ్లెం గెంతుతుంది.

అసలు పాల్‌కే మార్చకండి. 720×480, 29.97లో కంప్యూటర్‌లోకి క్యాప్చర్ చేసి, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో బీడబ్ల్యూడిఫ్ ఫిల్టరుతో డీఇంటర్‌లేస్ చేస్తే, అంటే ఒక్కో ఫీల్డునూ పూర్తి ఫ్రేముగా మారిస్తే, 59.94 ఫ్రేముల ఫైలు వస్తుంది. ఇప్పటి టీవీల్లో నేరుగా ఆడుతుంది. ఫీల్డుల వరుస తారుమారైతే మాత్రం కదిలే ప్రతిదీ ముందుకీ వెనక్కీ వణుకుతుంది. వరుస మార్చి మళ్లీ చేయండి. బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3 వదలకండి, సాగదీస్తే ముఖాలు ఉబ్బుతాయి.

టేపు ఆడించడానికి చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో అమెరికా వీసీఆర్ దొరికితే సంతోషమే. కానీ 110 వోల్టుల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230లో పెట్టొద్దు, కాలిపోతుంది.