తేదీనా, రూపాయలా, సర్వే నంబరా: ఫార్మాట్ చూసి కాలమ్ రకం చెప్పే ఎక్సెల్ మాక్రో

మీరు అడిగింది ఇది: మిర్యాలగూడ చుట్టుపక్కల ఐకేపీ సెంటర్ల నుంచి వడ్ల కొనుగోలు షీట్లు వస్తున్నాయి, ఒక్కోదాంట్లో కాలమ్‌ల వరుస ఒక్కో తీరు. ఏది తేదీ, ఏది మొత్తం, ఏది క్వింటాళ్లు అని ఫార్మాట్‌ని బట్టి చెప్పే మాక్రో ఒకసారి రాసి అన్ని ఫైళ్లకూ వాడుకోవాలి.

రాయొచ్చు. కాకపోతే ఫార్మాట్ ఒక్కదాన్నే నమ్ముకుంటే సర్వే నంబర్ల దగ్గర బోల్తా పడతారు. మన రీజనల్ సెట్టింగ్‌లో 12/3 కొడితే ఎక్సెల్ దాన్ని మార్చి 12 అనుకుంటుంది. 12/45 కొడితే డిసెంబర్ నెల తేదీ అవుతుంది. 145/అ మాత్రం టెక్స్ట్‌గానే ఉంటుంది. అంటే ఫార్మాట్ చాలాసార్లు ఎక్సెల్ వేసుకున్న అంచనా మాత్రమే. అందుకే ఫార్మాట్‌నీ, లోపలి విలువనూ రెండింటినీ అడగాలి.

కోడ్‌ను పర్సనల్ మాక్రో వర్క్‌బుక్‌లో (ఏ ఫైల్ తెరిచినా వాడుకోగలిగే ఎక్సెల్ ఫైల్‌లో) పెట్టండి. అది లేకపోతే, స్టోర్ చేసే చోటుగా దాన్ని ఎంచుకుని ఏదో ఒక చిన్న మాక్రో రికార్డ్ చేస్తే తయారవుతుంది. రేంజ్ (గడుల సముదాయం) తీసుకుని రకం పేరు తిరిగిచ్చే ఫంక్షన్‌గా రాయండి. లోపల సెలెక్షన్ (ఎంచుకున్న గడులు), యాక్టివ్‌షీట్ (ఎదురుగా ఉన్న షీట్) అనేవి అసలు ఉండొద్దు, ఉంటే పక్క ఫైల్‌కి పనికిరాదు.

రేంజ్ రెండో వరుస నుంచి ఆఖరి డేటా వరకే ఇవ్వండి. దాని నంబర్‌ఫార్మాట్ (గడి ఫార్మాట్‌ని చెప్పే లక్షణం) ఒకేసారి అడిగితే, అన్ని గడులూ ఒకే తీరుగా ఉంటే ఆ ఫార్మాట్ వస్తుంది, కలిసిపోయి ఉంటే నల్ (ఖచ్చితమైన విలువ లేదు అనే గుర్తు) వస్తుంది. దాన్ని స్ట్రింగ్ వేరియబుల్‌లో పెడితే 94 నంబర్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఏ రకం విలువనైనా పట్టే వేరియంట్‌లో తీసుకుని, నల్ అవునా కాదా చెప్పే ఈజ్‌నల్‌తో చూడాలి. నల్ వస్తే గడి గడికీ తిరగాల్సిందే.

అసలు తిప్పలు ఫార్మాట్‌ని చదవడంలో ఉన్నాయి. 'డి', 'వై', 'హెచ్', 'ఎస్' ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తే తేదీ లేదా సమయం అనుకుంటాం. కానీ కొటేషన్లలో 'ఆర్ఎస్' అని రూపాయల గుర్తు రాసి ఉంటే అందులోని 'ఎస్' సెకన్లలా కనిపిస్తుంది. ఎర్ర రంగుకి బ్రాకెట్లో రాసే 'రెడ్'లో 'డి' ఉంటుంది. అందుకని ముందు కొటేషన్లలో ఉన్నది తీసేయండి, బ్యాక్‌స్లాష్‌నూ అండర్‌స్కోర్‌నూ వాటి పక్క అక్షరంతో సహా తీసేయండి, ఆ తర్వాతే సెమికోలన్ దగ్గర కోసి మొదటి ముక్క తీసుకోండి. బ్రాకెట్లు చివర్లో. గంటలు, నిమిషాలు, సెకన్ల అక్షరాలు బ్రాకెట్లో ఉంటే గడిచిన సమయం, వాటిని పారేయొద్దు. బ్రాకెట్లో డాలర్ గుర్తు తర్వాత ₹ లాంటి గుర్తు ఉంటే డబ్బు. డాలర్ వెంటనే అడ్డగీత ఉంటే అది భాష కోడ్ మాత్రమే, తేదీల్లోనూ వస్తుంది. 'ఎం' పక్కన గంటలో సెకన్లో ఉంటే నిమిషాలు, లేకపోతే నెల. మిగిలింది @ ఒక్కటే అయితే టెక్స్ట్.

తెర మీద రోజు-నెల-సంవత్సరం కనిపిస్తున్నా సిస్టమ్ తేదీకి నంబర్‌ఫార్మాట్ అమెరికా వరుసలోనే, నెల ముందు పెట్టి చెబుతుంది. కంగారు పడకండి. దాని బదులు, ఆ సిస్టమ్ సెట్టింగ్ ప్రకారం చెప్పే నంబర్‌ఫార్మాట్‌లోకల్ వాడితే సిస్టమ్ మారినప్పుడల్లా జవాబు మారుతుంది.

విలువల్ని వాల్యూ2తో (ఫార్మాట్ లేని అసలు విలువ ఇచ్చే లక్షణం) మొత్తం ఒక అరేలోకి (విలువల జాబితాలోకి) తెచ్చుకోండి, వేగంగా ఉంటుంది. ఒకే గడి ఉంటే అరే రాదు, ఆ సందర్భాన్ని విడిగా చూసుకోవాలి. విలువ రకాన్ని అంకెగా చెప్పే వర్‌టైప్ 8 అయితే టెక్స్ట్, 5 అయితే సంఖ్య, 10 అయితే ఎర్రర్, 0 ఖాళీ. వాల్యూ2లో తేదీ కూడా 5గానే వస్తుంది: 2024 ఏప్రిల్ 1 అంటే 45383. అంకెను చూసి తేదీ అని తేల్చొద్దు, రైతుకు పడ్డ మొత్తం కూడా అంతే ఉండొచ్చు. తేదీ ఫార్మాట్ ఉండి వర్‌టైప్ 5 అయితేనే తేదీ. తేదీ ఫార్మాట్ ఉండి వర్‌టైప్ 8 అయితే అది తేదీలా కనిపించే టెక్స్ట్, కూడికలకూ ఫిల్టర్‌కూ పనికిరాదు.

ఇక ఖాళీలు వదిలేసి, ఒక్కో గడి రకాన్ని ఒక్కో ఓటుగా లెక్కపెట్టండి. నూటికి 98 ఒకే రకమైతే ఆ పేరు, లేదంటే 'కలగాపులగం' అని, తేడా ఉన్న గడుల అడ్రస్‌లు కూడా ఇవ్వండి. సర్వే నంబర్ల కాలమ్ ఇక్కడే దొరుకుతుంది: ఎక్కువ టెక్స్ట్, మధ్యలో నాలుగైదు తేదీలు. అది 12/3 నా, 12/03 నా, 12-3 నా అన్నది మాక్రోతో వెనక్కి తేలేం. అసలు సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్) ఉంటే దాన్ని డేటా ట్యాబ్ నుంచి, ఆ కాలమ్‌కి టెక్స్ట్ రకం ఎంచి మళ్లీ తెచ్చుకోవాలి. బ్యాంకు ఖాతా నంబర్లకీ అంతే. ఎక్సెల్ 15 అంకెలే దాచుకుంటుంది, 16 అంకెల ఖాతాలో చివరిది సున్నా అయిపోతుంది. ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. 12 అంకెల ఆధార్ పొట్టి రూపంలో కనిపించినా విలువ చెడిపోదు.

ఫంక్షన్‌ను గడిలో ఫార్ములాగా వాడొద్దు. ఫార్మాట్ మారిస్తే ఎక్సెల్ మళ్లీ లెక్క కట్టదు, పాత జవాబే నిలిచిపోతుంది. కాలమ్ కాలమ్‌కీ దాన్ని పిలిచి, కొత్త షీట్‌లో హెడింగ్, రకం, తేడా గడులు రాసే చిన్న సబ్ (విలువ తిరిగివ్వకుండా పని చేసే మాక్రో) ఒకటి పెట్టి, దానికి బటన్ ఇవ్వండి.